కొలత తప్పినా కీలు తప్పకూడదు

మీ కుడి ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేతిని పైకి తిప్పండి. ఎడమచేతి చూపుడువేలితో మోచేతి మొన దగ్గర మొదలుపెట్టి, చిటికెనవేలి వైపుగా మణికట్టు దాకా తడుముకుంటూ రండి. చర్మం కిందే ఒక ఎముక అంచు పొడుగునా తగులుతుంది. దాని మీద కండ లేదు, కొవ్వూ పెద్దగా ఉండదు. ఆ ఎముక పేరు అల్నా. ఇప్పుడు అరచేతిని బోర్లా తిప్పండి. బొటనవేలు ఈ పక్క నుంచి ఆ పక్కకి వచ్చేసింది. మోచేతి మొన మాత్రం ఉన్నచోటే ఉంది.

తిరిగింది రెండో ఎముక, బొటనవేలి వైపుండే రేడియస్. అరచేయి పైకి ఉన్నప్పుడు రెండు ఎముకలూ పక్కపక్కనే ఉంటాయి. బోర్లా తిప్పగానే రేడియస్ కింది కొస అల్నా మీదుగా దాటి అవతలి పక్కకి పోతుంది, పోతూ పోతూ చేతిని తనతో తీసుకుపోతుంది. దాని పై కొస మోచేతి దగ్గర చిన్న బిళ్ళలా ఉండి, ఉన్నచోటే తిరుగుతుంది. తాళం తిప్పడం, గరిటె తిప్పడం, అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోవడం, అన్నీ ఈ ఏర్పాటు మీదే నడుస్తాయి. ముద్ద కలిపేటప్పుడు అరచేయి కిందికి ఉంటుంది. నోటి దాకా వచ్చేసరికి మొహం వైపు తిరుగుతుంది. రోజూ చేసే పనే, అయినా ఏ ఎముక కదులుతోందో ఎవరూ పట్టించుకోరు.

బొమ్మలు వేసేవాడికి మాత్రం పట్టించుకోక తప్పదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముంజేతిని గొట్టంలా వేసి, చివర చేతిని అతికిస్తారు. ఎంత ఓపిగ్గా నీడలు దిద్దినా ఆ చేయి బతకదు. అల్నా అంచు ఎటు పోతోందో ఒక్క గీతతో పట్టుకుని, రేడియస్ దాన్ని దాటిందా లేదా తేల్చుకుంటే చాలు, నీడలు లేకపోయినా చేయి తిరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి చేసి చూడండి. మోచేతిని మడిచి, ఎడమచేత్తో కుడి జబ్బ కండని పట్టుకుని, అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. పైకి తిప్పినప్పుడల్లా కండ ఉబ్బుతుంది, కిందికి తిప్పితే సాగిపోతుంది. బైసెప్స్ అంటే చేయి మడిచే కండ అనుకుంటాం. దాని రెండో పని అరచేతిని పైకి తిప్పడం. దాని కొస రేడియస్ మీద ఒక గుబ్బకి అతుక్కుని ఉంటుంది. చేయి బోర్లా పడినప్పుడు ఎముక చుట్టూ చుట్టుకుంటుంది, కండ లాగితే ఆ చుట్టు విప్పుకుంటూ ఎముకని తిప్పుతుంది. కుడిచేతివాళ్ళకి స్క్రూ బిగించడానికి ఉన్నంత బలం విప్పడానికి లేకపోవడం ఇందుకే. ఇది కనిపెట్టి కాగితం మీద పెట్టినవాడు వైద్యుడు కాదు, లియొనార్డో డావిన్చీ. 1510–11 ప్రాంతంలో పావియా విశ్వవిద్యాలయంలోని యువ ఆచార్యుడు మార్కాంటోనియో డెల్లా టోరేతో కలిసి పనిచేస్తూ, ఎముకలు మొదలుకొని ఒక్కొక్క కండనీ చేర్చుకుంటూ భుజాన్నీ చేతినీ రకరకాల వైపుల నుంచి గీశాడు. డెల్లా టోరే 1511లోనే ప్లేగుతో చనిపోయాడు. లియొనార్డో తలపెట్టిన అనాటమీ పుస్తకం అచ్చు కాలేదు. ఆ కాగితాలు ఇప్పుడు ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉన్నాయి.

ముంజేయి అంత లావుగా ఎందుకుందో కూడా చెప్పాలి. వేళ్ళలో కదిలించే కండలు లేవు. కొన్ని చిన్న కండలు అరచేతిలో ఉంటాయి గానీ, వేళ్ళని బలంగా మడిచేవీ చాపేవీ ముంజేతిలోనే ఉంటాయి. అక్కణ్ణుంచి పొడుగాటి టెండన్లు మణికట్టు దాటి వేళ్ళ దాకా వస్తాయి. వాడుకలో మనం వీటినే నరాలంటాం. తోలుబొమ్మ ఆడించేవాడు తెర వెనక ఉన్నట్టు, వేలిని ఆడించే కండ మోచేతి దగ్గర కూచుని ఉంటుంది. వీటిలో ఒకటి మరీ చిత్రం. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి మణికట్టుని కొంచెం లోపలికి వంచితే, చాలామందికి మణికట్టు మధ్యలో ఒక తాడు పైకి లేస్తుంది. అది పాల్మారిస్ లాంగస్ టెండన్. సుమారు ఏడుగురిలో ఒకరికి అది పుట్టుకతోనే ఉండదు, కొందరికి ఒక చేతికి ఉండి రెండో చేతికి ఉండదు. లేకపోతే నష్టమేమీ లేదు. వేరేచోట టెండన్ తెగినప్పుడు సర్జన్లు దీన్నే తీసి అక్కడ వాడుకుంటారు. పుస్తకం చూసి అందరి మణికట్టు మీదా ఆ తాడు గీసేసే చిత్రకారుడు ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదన్నమాట.

చూడటమే ఇక్కడ అసలు చిక్కు. ఎవరినైనా మొహం బొమ్మ వేయమనండి. కళ్ళని నుదుటి మీదికి ఎక్కించేస్తారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా కొలిస్తే కళ్ళు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. అద్దం ముందు స్కేలు పట్టుకుని కొలుచుకున్నా కాసేపు నమ్మబుద్ధి కాదు. మన ధ్యాసంతా కళ్ళూ ముక్కూ నోటి మీదే, మనిషిని గుర్తుపట్టడానికి అవి చాలు. వాటి పైన ఉన్న సగం తల మనకి ఖాళీ జాగా, కాబట్టి కుదించేస్తాం. మెదడు మొహాల కోసం కొంత, దేహాకృతుల కోసం కొంత విడిగా ప్రాంతాలు కేటాయించుకుంది. మొహాలకి సంబంధించిన ప్రాంతాన్ని 1997లో, దేహాలకి సంబంధించినదాన్ని 2001లో ఎంఆర్ఐ ప్రయోగాలు స్పష్టంగా చూపించాయి. అవి ఉన్నది ఎవరు, ఏం చేస్తున్నారు అన్నది క్షణంలో తేల్చడానికి. దవడ వంపు ఎన్ని డిగ్రీలన్నది వాటికి పట్టదు.

2001లోనే అచ్చైన ఒక ప్రయోగంలో రాబర్ట్ సోల్సో అనే మనస్తత్వ శాస్త్రవేత్త హంఫ్రీ ఓషన్ అనే బ్రిటిష్ చిత్రకారుణ్ణి స్కానర్‌లో పడుకోబెట్టి మొహాల బొమ్మలు వేయించాడు. బొమ్మలు వేసే అలవాటు లేని మనిషితో పోలిస్తే, ఓషన్ మెదడులో మొహాల ప్రాంతం తక్కువగా పనిచేసింది, కుడివైపు ముందుభాగం ఎక్కువగా పనిచేసింది. ఒక్క చిత్రకారుడి మీద చేసిన ప్రయోగాన్ని పట్టుకుని సిద్ధాంతాలు కట్టకూడదు. తర్వాత, 2014లో, రెబెకా చాంబర్లిన్ బృందం లండన్ కళావిద్యార్థుల మెదళ్ళను పరిశీలించి, చూసి గీయడంలో నేర్పు ఉన్నవాళ్ళకి చిన్నమెదడు ఎడమవైపు ముందుభాగంలోనూ, పెద్దమెదడు కుడివైపు ముందుభాగంలోనూ బూడిద పదార్థం ఎక్కువని చెప్పింది. చిన్నమెదడు కదలికల్ని సవరించే చోటు. నేర్పు వల్ల అది పెరిగిందా, అది ఉండటం వల్ల నేర్పు వచ్చిందా అన్నది ఆ ఒక్క పరిశీలనతో తేలదు. కుడిమెదడు కళాకారుడిది, ఎడమమెదడు లెక్కల మాస్టారిది అనే పాత కబురు మాత్రం దీంతో నిలబడదు.

అట్లాంటాకి ఉత్తరంగా, జార్జియా 400 రోడ్డు పట్టుకుని వెళ్తే వచ్చే కమ్మింగ్‌లో ఈ చూపుని అలవాటు చేసుకోవడానికి ఆర్ట్ స్కూలు వెతుక్కోనక్కర్లేదు. సాయంత్రం ఫౌలర్ పార్క్‌కి పోతే చాలు. బిగ్ క్రీక్ గ్రీన్‌వే అక్కడి మీదుగా పోతుంది, ఆ బాట మీద తెలుగు వినపడని సాయంత్రం ఉండదు. పిల్లల దగ్గరికి ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలు నడుస్తుంటారు: చీర మీద స్వెటర్, కాళ్ళకి కొడుకు కొనిచ్చిన స్నీకర్లు. వాళ్ళ మొహాల జోలికి పోకుండా నడకలు మాత్రమే గీయడం మంచి అభ్యాసం. మొహం గుర్తుపట్టేలా గీస్తే అడిగి గీయాలి, అది మర్యాద. నడక అర నిమిషంలో దాటిపోతుంది, కాబట్టి వివరాలకి పోయే వ్యవధి ఉండదు. బరువు ఏ కాలి మీద ఉందో పట్టుకుంటే గెలిచినట్టే.

నడకలో ప్రతి అడుగుకీ మనం కాసేపు ఒంటికాలి మీదే ఉంటాం. అప్పుడు గాల్లో ఉన్న కాలి వైపు నడుం కిందికి జారిపోకుండా, నేల మీదున్న కాలి వైపు తుంటి పక్కనున్న కండలు గట్టిగా లాగిపట్టాలి. శరీరం బరువుకి ఆ లాగుడు కూడా తోడై, తుంటి కీలు మీద పడే భారం ఒంటి బరువుకి రెండున్నర, మూడు రెట్లవుతుంది. తుంటి నొప్పి ఉన్న మనిషి తెలియకుండానే ఒంటిని నొప్పి ఉన్న కాలి వైపే వాలుస్తూ నడుస్తుంది. బరువు కీలు మీదికి జరిగితే కండ అంత లాగక్కర్లేదు, కాబట్టి మొత్తం భారం తగ్గుతుంది. చూసేవాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. చేతికర్ర సంగతీ అంతే. కుడి తుంటి నొప్పి పెడితే కర్ర ఎడమచేతిలో ఉండాలి. పార్కులో గమనిస్తే చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుని కనిపిస్తారు. ఎముకల పుస్తకం చదివి పార్కులో బొమ్మలు వేసేవాడికి డాక్టరు చెప్పే ముందే ఇది తెలిసిపోతుంది. నోరు మూసుకుని గీసుకోవాలా, వెళ్ళి చెప్పాలా అన్నది మరో సమస్య. నేనైతే చెప్పేస్తాను.

ఇంతకీ ఆ ఎముకల పుస్తకాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 1543లో అనాటమీ ఆచార్యుడు వెసేలియస్ తన మహాగ్రంథాన్ని బాసెల్‌లో అచ్చు వేయించేదాకా, ఐరోపా వైద్యులు ప్రాచీన వైద్యుడు గేలెన్ చెప్పిందే వేదమన్నారు. గేలెన్ కోసి చూసింది ఎక్కువగా కోతుల్ని. మనిషి కింది దవడ రెండు ఎముకలని ఆయన రాస్తే, ఒకటే అని వెసేలియస్ చూపించాడు. ఆ పుస్తకంలో కండలు ఒలిచిన మనుషులు పాడువా దగ్గరి కొండల ముందు విలాసంగా నిలబడి ఉంటారు. కొన్ని పేజీలను పక్కపక్కన పెడితే వెనకనున్న కొండలన్నీ ఒకే దృశ్యంగా కలుస్తాయి. ఇక మన డాక్టర్లందరికీ తెలిసిన గ్రేస్ అనాటమీకి 1858లో మొదటి కూర్పు వచ్చింది. రాసింది హెన్రీ గ్రే, బొమ్మలు గీసింది హెన్రీ వాండైక్ కార్టర్. భాగాల పేర్లని పక్కన అంకెలు వేసి కాకుండా ఆ భాగాల మీదే రాయడం కార్టర్ చేసిన మేలు, చదివేవాడి కన్ను పేజీ మీద అటూ ఇటూ పరుగెత్తక్కర్లేదు. ఆయనకి ఒక్కసారి ముట్టిన డబ్బే, రాయల్టీ లేదు. పుస్తకం వచ్చిన ఏడాదే ఓడెక్కి బొంబాయి వచ్చి గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాడు, 1888 దాకా ఇండియాలోనే ఉండి కుష్ఠు మీదా మదురా పాదం అనే జబ్బు మీదా పనిచేశాడు. ఆయన గీసిన దేహాలు లండన్ ఆసుపత్రుల్లో, పేదల శరణాలయాల్లో చనిపోయి, తీసుకుపోవడానికి ఎవరూ రాని బీదవాళ్ళవి.

ఈ మాట కమ్మింగ్‌లో కూర్చుని రాస్తే మరింత దగ్గరగా తగులుతుంది. ఇక్కణ్ణుంచి రెండున్నర, మూడు గంటలు కారులో పోతే ఆగస్టా వస్తుంది. వైద్య చిత్రకళలో పోస్ట్ గ్రాడ్యుయేట్ చదువు చెప్పే చోట్లు ఉత్తర అమెరికా మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఒకటి అక్కడి విశ్వవిద్యాలయంలో ఉంది. సర్జరీ పుస్తకాలకీ పాఠాలకీ బొమ్మలు వేసేవాళ్ళు అక్కడ విద్యార్థులుగా అనాటమీ నేర్చుకుంటారు. అదే ఊళ్ళో టెల్‌ఫెయిర్ వీధిలో 1835 నాటి పాత వైద్య కళాశాల భవనం ఉంది. 1989లో దానికి మరమ్మతులు చేస్తుంటే నేలమాళిగలో మనుషుల ఎముకలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కావు, దాదాపు 10 వేలు. చాలావాటి మీద శవచ్ఛేదం చేసిన కోతలూ, రంపపు గాట్లూ ఉన్నాయి.

19వ శతాబ్దంలో ఎక్కువ కాలం జార్జియాలో శవచ్ఛేదం చట్టవిరుద్ధం. కళాశాల నడవాలంటే శవాలు కావాలి. 1852లో అధ్యాపకులు చార్ల్‌స్టన్ బానిసల సంతలో గ్రాండిసన్ హారిస్ అనే మనిషిని 700 డాలర్లకి కొని తెచ్చారు. పేరుకి కళాశాల పనివాడు. అసలు పని, రాత్రిళ్ళు సీడర్ గ్రోవ్ శ్మశానానికి పోయి కొత్త గోతులు తవ్వి శవాలు తేవడం. సీడర్ గ్రోవ్ నల్లవాళ్ళ శ్మశానం. బానిసకి చదువు నేర్పడం నేరమైన రోజుల్లో ఆయనకి చదవడం నేర్పారు, పత్రికల్లో చావు కబుర్లు చూసుకోవడానికి. బానిసత్వం పోయాక కూడా ఆయన చాలాకాలం ఆ పనిలోనే కొనసాగాడు. ఎవరూ తీసుకుపోని శవాలను వైద్య కళాశాలలకి ఇవ్వొచ్చని రాష్ట్రం 1887లో చట్టం చేసింది. హారిస్ 1911లో చనిపోతే ఆయన్నీ సీడర్ గ్రోవ్‌లోనే పాతిపెట్టారు. నేలమాళిగలో దొరికిన ఎముకల్లో అధికభాగం నల్లజాతివాళ్ళవని పరిశోధకులు తేల్చారు, ఊరి జనాభాలో వాళ్ళ వాటా సగం కూడా లేనప్పటికీ. 1998లో వాటిని తిరిగి సీడర్ గ్రోవ్‌లో పూడ్చారు. హారిస్ పోయిన మరుసటేడు, 1912లో, కమ్మింగ్ ముఖ్యపట్టణంగా ఉన్న ఫోర్సైత్ కౌంటీ నుంచి నల్లవాళ్ళు సుమారు వెయ్యిమందిని బెదిరించి వెళ్ళగొట్టారు. చచ్చినవాళ్ళని అక్కడ తవ్వుకున్నారు, బతికున్నవాళ్ళని ఇక్కణ్ణుంచి తరిమేశారు. రేడియస్ అల్నాని దాటుతుందని మనకి తెలిసిన తెలివిలో అలా గోతుల్లోంచి తవ్వి తెచ్చినవాళ్ళ వాటా ఉంది. ఏ అట్లాసు చివరి పేజీలోనూ వాళ్ళ పేర్లు లేవు. ఇప్పుడు దేహదానాల వల్ల పరిస్థితి మారింది. ఎక్కువమంది చిత్రకారులకి ప్లాస్టిక్ పుర్రె, ఫోన్‌లో తిప్పి చూసుకునే త్రీడీ అస్థిపంజరం సరిపోతున్నాయి.

మన శిల్పులు ఈ దారిన రాలేదు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్ళలో ఏడు రాత్రులుంచి, తర్వాత కుంచెతో పొర పొరగా రుద్దుతూ లోపలి భాగాలు చూడమని సుశ్రుత సంహిత చెప్పింది. చెప్పింది వైద్యులకి. శిల్పికి ఉన్నది తాళమానం. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా 12 అంగుళాలు (ఇంచీలు కావు, శిల్పశాస్త్రపు కొలత), అది ఒక తాళం. నవతాళ విగ్రహం ఎత్తు దానికి తొమ్మిది రెట్లు. ఇవి కొలతలే గానీ కండల లెక్క కాదు. అయినా 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి వెళ్ళి, చూరు కింద వాలుగా నిలబడ్డ మదనికలని చూడండి. ఏ ఆడమనిషికీ అంత పొడుగు కాళ్ళు ఉండవు. కానీ బరువు ఏ కాలి మీదుందో అడిగితే చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేచింది, రెండో వైపు నడుం దిగింది, దానికి బదులుగా భుజాలు బరువు మోసే కాలి వైపు వంగాయి. పార్కులో నడిచే మనిషి తుంటి కీలు దగ్గర జరిగేదే ఈ నల్లరాతిలోనూ జరుగుతోంది.

నాకు తెలిసినంతలో సొంత బొమ్మ మొదలయ్యేది ఇక్కడ. పొడుగు, లావు, కళ్ళ సైజు, నడుం సన్నం, ఇవన్నీ చిత్రకారుడి ఇష్టం. కీలు ఏ వైపు మడుస్తుంది, బరువు ఎటు దిగుతుంది అన్నవి ఇష్టానికి వదిలేస్తే బొమ్మ కూలుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మ సంగతే తీసుకోండి. కన్ను మొహానికి మరీ పెద్దగా ఉంటుంది, ఒళ్ళు బల్లపరుపు. అయినా భుజం, మోచేయి విడి ముక్కలుగా చేసి, కీలు ఉండాల్సిన చోటే దారంతో కట్టారు కాబట్టి రావణుడు చెయ్యెత్తితే జనం నమ్ముతారు. బాపు గారి ఆడవాళ్ళ నడుము డాక్టరుకి చూపిస్తే కంగారుపడతాడు గానీ, ఆ ఒక్క గీతలోనే ఆవిడ ఏ కాలి మీద నించుందో ఉంటుంది. ఫ్రాన్సులో ఆంగ్ర అనే చిత్రకారుడు 1814లో వేసిన ‘ఒదలిస్క్’ చిత్రంలో ఆడమనిషి వీపు మరీ పొడుగని, రెండు మూడు వెన్నుపూసలు ఎక్కువ పెట్టాడని అప్పటి విమర్శకులు వెక్కిరించారు. 2004లో ఫ్రెంచి వైద్యులు నిజమైన మనుషుల కొలతలతో పోల్చి చూసి, రెండు మూడు కాదు, ఐదు ఎక్కువున్నాయన్నారు. ఆ ఐదూ తీసేస్తే వచ్చే బొమ్మని చూడటానికి లూవ్ర మ్యూజియానికి ఎవరూ వెళ్ళరు.

అనాటమీ పూర్తిగా వచ్చాకే సొంత బొమ్మలు వేస్తామని ఏళ్ళ తరబడి ఆగేవాళ్ళున్నారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో మనిషిని ఎదురుగా పెట్టుకుని గీయడం నేర్చుకుని, ఆ చదువుని తిరిగొచ్చాక పురాణ కథల్లోకి, గోదావరి మనుషుల్లోకి తెచ్చాడు. 1925లో మశూచి ఆయన్ని తీసుకుపోయేనాటికి 30 నిండలేదు. గ్రే మహాశయుణ్ణి కూడా మశూచే 34 ఏళ్ళకి తీసుకుపోయింది. రామారావు వేసినవి రాజమండ్రిలో ఆయన పేరిటున్న గ్యాలరీలో ఇవాళ్టికీ చూడొచ్చు. పూర్తిగా వచ్చేదాకా ఆగి ఉంటే అక్కడ గోడలు ఖాళీగా ఉండేవి.

అనాటమీ నేర్చుకోవడం, సొంత బొమ్మ వేయడం రెండూ కలిపి చేసుకోవచ్చు. ఉదాహరణకి, రామప్ప మదనికల్లో ఒకావిడ కాళ్ళకి ఎత్తు చెప్పులుంటాయి. ఫౌలర్ పార్క్ అమ్మగారి కాళ్ళకి స్నీకర్లు. ఇద్దరినీ కలిపి, మదనిక పొడుగుతో, స్నీకర్లతో, చెక్క వంతెన మీద కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని వేయాలనుకుందాం. కాళ్ళు ఎంతైనా సాగదీయొచ్చు. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమచేతికి ఇవ్వాలి, ఒంటిని కుడికి వాల్చాలి. ఇంతవరకూ చూసినవాటితో వచ్చేస్తుంది. ఆగిపోయేది కర్ర పిడి దగ్గర, బొటనవేలు మిగతా వేళ్ళకి ఎదురుగా వచ్చి పట్టు బిగించే చోట. ఆ ఒక్క వేలి మొదట్లో, మణికట్టులోని ట్రెపీజియం అనే చిన్న ఎముక మీద, గుర్రపు జీను ఆకారంలో ఒక కీలు ఉంది. బొటనవేలు ముందుకీ పక్కకీ వాలి, కొంచెం తిరగగలిగేది దాని వల్లే. ఆ తర్వాత కూర్చోవాల్సింది దాంతో. ముందు సొంత బొటనవేలి మొదలుని ఎడమచేత్తో పట్టుకుని, కర్ర పట్టుకున్నట్టూ వదిలినట్టూ తిప్పుతూ, గోరు ఎప్పుడు మీ వైపు తిరుగుతోందో, ఎప్పుడు పక్కకి పోతోందో చూసి గీయండి. పుస్తకం ఆ తర్వాత తెరవొచ్చు.